సున్నా మీద పెట్టిన బైనాక్యులర్

నేను రిటైర్ అవడానికి మూడేళ్ల ముందు, జూలై రెండో వారంలో, ఒంటారియోలోని కేంబ్రిడ్జ్ నుంచి బ్రిటిష్ కొలంబియా ఉత్తరాది కొండలకు నన్ను ఫీల్డ్ ట్రయల్ మీద పంపారు. ఆర్డర్‌లో పని ఒక్క వాక్యంలో ఉంది: కొండవేటకు అనువైన బైనాక్యులర్‌ను ఎంపిక చేసి, సంతకంతో సిఫారసు ఇవ్వవలెను. అప్పటికి నా హోదా సీనియర్ ఆప్టికల్ ఇన్‌స్పెక్టర్. కోడిగుడ్డు కూడా ముట్టని మనిషిని. అంతవరకు నేను వేటాడింది ఒక్కటే, ఏజాక్స్ అనే ఊళ్లో మా చెల్లెలి ఇంటి వీధిలో పార్కింగ్.

మా కంపెనీ బైనాక్యులర్‌లు దిగుమతి చేసి అమ్మేది, అమ్మినవాటికి సర్వీసింగ్ చేసేది. సర్వీసింగ్ విభాగంలో చివరి బల్ల నాది. పాడై వచ్చినవాటిని ముందు బల్లల వాళ్లు విప్పి, తుడిచి, బిగిస్తారు. నేను వాటిని కాలిమేటర్ అనే పరికరం ముందు పెట్టి, రెండు గొట్టాలూ ఒకే బిందువును చూస్తున్నాయో లేదో సరిచూసి, నా పేరు మొదటి అక్షరాలున్న స్టిక్కర్ అతికిస్తాను. ఆ స్టిక్కర్ లేనిదే ఏ బైనాక్యులర్ గుమ్మం దాటదు. దాన్ని నేను కొంచెం ఎక్కువగానే గౌరవించేవాణ్ణి.

ఈ విద్య నాకు హైదరాబాద్‌లోని ఒక ఆప్టికల్ ఫ్యాక్టరీలో అబ్బింది. అక్కడ మా సూపర్‌వైజర్ ఒక నియమం నూరిపోశాడు. బైనాక్యులర్ కుడి కంటి దగ్గర ఒక చిన్న రింగు ఉంటుంది. దాన్ని డయాప్టర్ అంటారు. మనుషులకు రెండు కళ్లూ సమానంగా ఉండవు కాబట్టి, ఆ తేడాను సర్దుకోవడానికి దాన్ని అటూ ఇటూ తిప్పుకుంటారు. పరికరం బల్ల మీద నుంచి లేచేటప్పుడు ఆ రింగు కచ్చితంగా సున్నా మీద ఉండాలి. లేకపోతే ఆయన అందరి ముందూ కడిగిపారేసేవాడు. కెనడా వచ్చాక ఇక్కడి ప్రొసీజర్‌లో అంత గట్టి నియమం లేదని చూసి జాలిపడి, నేనే రాసి చేర్పించాను. నా రెండు కళ్లూ సమానం. సున్నా మీద పెడితే నాకు లోకమంతా స్పష్టంగా కనిపిస్తుంది. అందరికీ అలాగే కనిపించాలని నాకెప్పుడూ ఒక నమ్మకం.

ఇక ఆ ఆర్డర్ ఎందుకొచ్చిందో చెప్పాలి. వాల్ట్ అని ఒక గైడ్ ఉన్నాడు. వేటగాళ్లను కొండల్లోకి తీసుకెళ్లే లైసెన్స్ ఆయనకు నలభై ఏళ్లుగా ఉంది. అక్కడి కొండగొర్రెల్లో ప్రతి పొట్టేలునూ కొట్టడానికి వీల్లేదు. కొమ్ము పూర్తిగా ఒక చుట్టు తిరిగి ఉండాలి, లేదా దాని వయసు కనీసం ఎనిమిదేళ్లు ఉండాలి. కొమ్ము మీద ఏడాదికో గీత పడుతుంది. ఆ గీతల్ని దూరం నుంచే లెక్కపెట్టి, కొట్టవచ్చో కూడదో గైడ్ చెప్పాలి. కిందటి సెప్టెంబర్‌లో వాల్ట్ ఎనిమిది గీతలు లెక్కపెట్టి సరేనన్నాడు, వెంట వచ్చిన వేటగాడు కొట్టాడు. దగ్గరికెళ్లి చూస్తే ఏడే. వాల్ట్ తనే కొమ్ములు తీసుకెళ్లి వన్యప్రాణి శాఖ ఆఫీసులో అప్పగించి, తప్పు జరిగిందని రాసిచ్చాడు. అలా రాసిచ్చినందుకు ఆయన్ని మెచ్చుకుని, లైసెన్స్ రద్దు చేయాలా వద్దా అని హియరింగ్ వేశారు. ఆ హియరింగ్ జూలై ఆఖరులో ఉంది. ఈలోగా వాల్ట్ మా కంపెనీకి ఫోన్ చేసి, తన పాత బైనాక్యులర్ తనను మోసం చేసిందనీ కొత్తది కావాలనీ అడిగాడు.

మా సేల్స్ మేనేజర్ శ్రీనివాస్ ఈ ఫోన్‌ను పండగలా తీసుకున్నాడు. అతను హైదరాబాద్ నుంచి డల్లాస్ వెళ్లి, ఎనిమిదేళ్లు అక్కడ చేసి ఇటు వచ్చినవాడు. మీటింగుల్లో నన్ను ప్రభాకర్ అని పేరు పెట్టి పిలిచేవాడు, తలుపు మూశాక అంకుల్ అనేవాడు. అప్పుడు తలుపు మూసే ఉంది.

"అంకుల్, ఈయన మన దగ్గర కొంటే ఆ బెల్ట్‌లో ఉన్న గైడ్స్ అందరూ మన దగ్గరే కొంటారు. ఆయన మాటంటే వాళ్లకు అంత గురి. మీరు జస్ట్ వెళ్లి, ఫీల్డ్ ట్రయల్ చేసి, టాప్ మాడల్ బెస్ట్ అని రాసిచ్చేయండి."

"చూడకుండానే ఎలా రాస్తామయ్యా?" అన్నాను.

"చూసే రాయండి అంకుల్. కానీ అదే రాయండి."

బైనాక్యులర్ మీద పది ఇంటూ నలభై రెండు అని రాసి ఉంటే, మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. కొత్తవాళ్లు మొదటి అంకెనే చూసి కొంటారు. అది పెరిగేకొద్దీ చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది, కనిపించే మేర తగ్గుతుంది, మెడలో బరువు పెరుగుతుంది. ఈ మాట చెబితే శ్రీనివాస్, "ఎక్కువ ఉంటే ఎక్కువే కదా అంకుల్," అన్నాడు. వాదించలేదు. ఎనిమిది నుంచి పదిహేను రెట్ల దాకా ఆరు బైనాక్యులర్‌లు ఎంచి, ఒక్కొక్కటీ కాలిమేటర్ మీద రెండేసిసార్లు చూసి, పెట్టెలో సర్దాను.

ట్రయల్‌కు నేను తయారుచేసుకున్న పద్ధతి గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే దానికి నేను బాగా మురిసిపోయాను. పది గడుల మార్కుల కాగితం. పొద్దున్న ఒకసారి, ఎండలో ఒకసారి, మసక వెలుగులో ఒకసారి చూడాలి. పోలిక న్యాయంగా ఉండాలంటే ఆరూ ఒకే స్థితిలో ఉండాలి. అందుకని ఆరింటి డయాప్టర్ రింగులనూ సున్నా మీద పెట్టి, ఎవరూ కదపకుండా వాటి చుట్టూ తెల్ల టేపు వేశాను.

బయల్దేరేటప్పుడు మా ఆవిడ అన్నపూర్ణ కరివేపాకు పొడి, కందిపొడి, రెండు డబ్బాల పులిహోర పేస్టు సంచిలో పెడుతూ అడిగింది. "ఏమండీ, ఇంతకీ మీరు అక్కడ ఏం చేస్తారు?"

"పొట్టేలు కొమ్ము మీద గీతలు ఏ అద్దంలో బాగా కనపడతాయో చూస్తాను."

"కనపడితే?"

"కనపడితే కొడతారు."

ఆమె సంచి మూతి బిగించి, "మీ అమ్మగారితో మాత్రం ఫ్యాక్టరీ పని మీద వెళ్లారని చెబుతాను," అంది. వేట సీజన్ ఆగస్టులో గానీ మొదలవదు, నేను వెళ్లేది గొర్రెల్ని ఊరికే చూడ్డానికే అని వివరించాను. ఆ తేడా ఆమెకు పెద్దగా అనిపించినట్టు లేదు.

రెండు విమానాలు, ఒక పికప్ ట్రక్కు, ఆ పైన ఒక రోజంతా గుర్రం. అరవై రెండేళ్ల వయసులో మొదటిసారి గుర్రం ఎక్కినవాడి వర్ణనలు పాఠకులకు అనవసరం. వాల్ట్ నాకంటే ఆరేళ్లు పెద్ద. సన్నగా, ఎండిన కట్టెలా ఉన్నాడు, మాట తక్కువ. నన్ను చూడగానే చెయ్యి గట్టిగా పట్టుకుని, కిందటి ఏడాది తన బైనాక్యులర్‌కు సర్వీసింగ్ చేసింది మీ వర్క్‌షాపేనని, అంత శుభ్రంగా జన్మలో ఎవరూ చేయలేదని అన్నాడు. నాకు తెలుసు. అప్పుడాయన ఒక కార్డు పంపాడు. 'కొత్తదానిలా ఉంది, థాంక్స్' అని రాసిన ఆ కార్డు ఏడాదిగా నా బల్ల పైన గోడకు పిన్ను గుచ్చి ఉంది. ఆ మాట చెప్పాను. ఆయన సంతోషించాడు, నేనూ సంతోషించాను.

మర్నాడు పొద్దున్నే ఒక రాతి అంచు మీద కూర్చున్నాం. లోయ అవతలి వాలు మీద ఏడెనిమిది పొట్టేళ్లు మేస్తున్నాయి. ఆరు బైనాక్యులర్‌లనూ వరసగా పరిచి, కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఒక్కొక్కటే ఆయన చేతికిచ్చాను.

పదిహేను రెట్లది చేతిలో పట్టుకుంటే మన గుండె చప్పుడు కూడా కొండ మీద కనిపిస్తుంది. అది నేను ఊహించిందే. పన్నెండుది గాలికి నిలవలేదు. ఊహించనిది ఏమిటంటే, వాల్ట్ ఆరింటినీ ఒకే మొహంతో చూశాడు. కళ్ల దగ్గర పెట్టుకుంటాడు, మధ్య చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతాడు, మళ్లీ తిప్పుతాడు, దించి నాకిచ్చేస్తాడు. "ఇదీ అంతే," అంటాడు. శ్రీనివాస్ రాయమన్న టాప్ మాడల్‌కు కూడా అదే మాట. పది గడుల కాగితంలో పది గడుల్లోనూ అదే రాయాలి.

నాకు కోపం వచ్చింది. మనిషికి పరికరాల సంగతి తెలియదనుకున్నాను. అదే బైనాక్యులర్ నేను తీసుకుని చూస్తే పొట్టేలు కంటి రెప్ప కనపడుతోంది. మధ్యాహ్నం దాకా రెండు విడతలు నడిపాం. గంట చూసేసరికి ఆయన కణతలు నొక్కుకోవడం గమనించాను. గీతలు ఒక్కోసారి రెండేసిగా కనపడుతున్నాయా అని అడిగాను. ఆయన కాఫీ కలుపుకొస్తానని లేచాడు.

పోల్చడానికి ఆయన పాతది కూడా ఏడోదిగా పెడదామని, ఆయన సంచిలోంచి తీసిమ్మన్నాను. పది ఇంటూ నలభై రెండు. కింద నా స్టిక్కర్, నా చేతిరాత. అద్దాల్లో లోపం ఏమీ లేదు. రింగు సున్నా మీద ఉంది, నేను పెట్టినచోటే. కానీ ఆ రింగు చుట్టూ నల్ల రబ్బరు ఒక వేలెడు వెడల్పున రంగు వెలవకుండా ఉంది, ఎన్నో ఏళ్లు ఏదో కప్పి ఉంచినట్టు.

ఇక్కడేముండేది అని అడిగాను.

హాకీ కర్రకు చుట్టే నల్ల టేపు అన్నాడు వాల్ట్. కొన్నప్పుడు దుకాణంలో ఒక ముసలాయన అద్దాలు తన కళ్లకు సరిచేసి, కదలకుండా టేపు చుట్టి ఇచ్చాడట. ఎప్పుడూ విప్పొద్దన్నాడట. పద్నాలుగేళ్లు అలాగే ఉంది. "మీ వాళ్లెవరో తీసేసి, ఆ జిగురు కూడా గీకి శుభ్రం చేశారు," అన్నాడు. ఆ మాటలో ఫిర్యాదు లేదు. మెచ్చుకుంటున్నాడు.

ఆ జిగురు నాకు గుర్తుంది. ముందు బల్లల వాళ్లు ఆ టేపుతోనే నా దాకా పంపితే, నేనే విప్పి, స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచాను. ఇంత మంచి పరికరానికి ఎవడు ఈ చెత్త చుట్టాడని తిట్టుకుంటూ తుడిచాను.

అప్పుడు నేను చేసిన పని చెబుతాను. తెల్ల టేపు వేసిన ఆరింటినీ పక్కన పెట్టి, ఆయన పాతదాన్నే ఆయన చేతికిచ్చాను. కుడి కన్ను మూసి, ఎడమ కంటికి సరిగ్గా కనిపించేదాకా మధ్య చక్రం తిప్పమన్నాను. తిప్పాడు. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి, చక్రం ముట్టుకోకండి, ఈ చిన్న రింగు తిప్పండి అన్నాను. ఆయన తిప్పుతూ పోయాడు. రింగు మీద సున్నా నుంచి రెండున్నర గీతలు దాటాక వేలు ఆగింది. రెండు కళ్లూ తెరవమన్నాను.

చాలాసేపు దించలేదు. పెదవులు కదులుతున్నాయి. లోయ అవతల ఒక పొట్టేలు పక్కకు తిరిగి నిలబడి ఉంది. వాల్ట్ లెక్కపెడుతున్నాడు. ఏడు దాకా వచ్చి ఆగి, మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. మళ్లీ ఏడే.

బైనాక్యులర్ దించాక ఆయన నా వైపు చూడకుండా చెప్పాడు. కుర్రతనంలో చెట్టుకొమ్మ తగిలి కుడి కన్ను దెబ్బతింది. కిందటి సీజన్ మొదట్లోనే చూపు తేడాగా ఉందని తెలిసింది, ఆ కన్ను ఇక పోతోందని నిశ్చయించుకున్నాడు. డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. వెళితే ఆ మాట కాగితం మీదకు వస్తుంది. చూపు పోయిన గైడ్‌ను ఎవరు పిలుస్తారు? భార్యకూ చెప్పలేదు. అందరికీ బైనాక్యులర్ పాతబడిందని చెప్పాడు. హియరింగ్‌లో వాళ్లు రద్దు చేయకముందే లైసెన్స్ వదులుకుంటానని ఉత్తరం రాసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆ ఉత్తరం తీసి చూపించాడు కూడా.

ఆ క్షణంలో నేను నోరు విప్పాలి. విప్పలేదు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి డాక్టర్ అని పిలిచాడు, నేను పిలిపించుకున్నాను. సాయంత్రం నా కోసం ప్రత్యేకంగా మాంసం లేని చిక్కుడుగింజలు వండాడు, నేను కందిపొడి కలుపుకుని తిన్నాను. ఆయన మొహంలో అంత తేలిక చూసి, ఈ మాట ఇప్పుడెందుకు అనుకున్నాను. నిజానికి నాకు భయమేసింది. మూడేళ్లలో రిటైర్‌మెంట్. గోడ మీద ఆ కార్డు. నా స్టిక్కర్.

పొద్దున్న కాఫీ దగ్గర చెప్పేశాను. ఆ టేపు తీసింది నేనే, ఆ రింగు సున్నాకు తిప్పింది నేనే, అలా తిప్పాలని రూలు రాసింది కూడా నేనే అన్నాను. తెచ్చిన ఆరింటికీ మళ్లీ అదే సున్నా మీద టేపు వేసుకొచ్చానని కూడా చెప్పాను.

వాల్ట్ కాఫీ వడగట్టడం ఆపలేదు. రెండు కప్పులూ నింపాక అడిగాడు, ఆ టేపు తీయడానికి ఎంతసేపు పట్టిందని.

"రెండు నిమిషాలు. జిగురుతో కలిపి నాలుగు."

ఆయన తల ఊపాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కాసేపటికి, ఇది కాగితం మీద రాసిస్తావా అన్నాడు. మార్కుల కాగితం వెనక్కి తిప్పి, జరిగింది జరిగినట్టు రాసి, హోదాతో సహా సంతకం చేశాను. ఆయన ఆ కాగితాన్ని జేబులో ఆ ఉత్తరం పక్కనే పెట్టుకున్నాడు.

తిరిగొచ్చాక శ్రీనివాస్ తలుపు మూశాడు. "మన మీద మనమే కంప్లైంట్ రాసుకోవడం ఏంటంకుల్? ఎవరైనా చేస్తారా? లీగల్ వాళ్లకు నేనేం చెప్పాలి?" అతని బాధ అతనిది, కాదనలేను. ఆరు బైనాక్యులర్‌లలో వాల్ట్ ఒక్కటీ కొనలేదు. పాతదే చాలన్నాడు. సిఫారసు ఏమని రాశారని శ్రీనివాస్ అడిగితే, ఆయన దగ్గరున్నదే సిఫారసు చేశానని చెప్పాను. కంపెనీ నాకు మెమో ఇచ్చింది. నియమం ఉల్లంఘించానని రాయడానికి వీల్లేకపోయింది, అక్షరం పొల్లుపోకుండా పాటించాను కాబట్టి. అనుమతి లేకుండా బయటివారికి ఉత్తరం ఇచ్చినందుకు అని రాశారు.

మెమో చూసి అన్నపూర్ణ ఒక్కటే అడిగింది. "ఆయన లైసెన్స్ ఉంటుందా?"

"తెలీదు," అన్నాను.

హియరింగ్ రోజు నన్ను ఫోన్‌లో పిలిచారు. అధికారి ఒక మహిళ, గొంతు నెమ్మది. ముందు వాల్ట్‌ను అడిగింది, చూపు తేడాగా ఉందని తెలిసి కూడా ఒక సీజనంతా గైడ్‌గా ఎలా పనిచేశారని. వాల్ట్ భయపడ్డానన్నాడు. అంతే అన్నాడు. తర్వాత నన్ను అడిగింది. ఆ రింగు మీరే తిప్పారా? తిప్పానన్నాను. అది అంతకుముందు ఎక్కడ ఉందో ఎక్కడైనా రాసుకున్నారా? లేదన్నాను. మీ సర్వీసులో ఇలా ఎన్నింటిని తిప్పి పంపి ఉంటారు?

ఆ ప్రశ్నకు నేను సిద్ధపడి వెళ్లలేదు. హైదరాబాద్‌లో పన్నెండేళ్లు, ఇక్కడ ఇరవై పైన. ఎవరెవరి కళ్లకో సరిపెట్టి ఉన్నవి నా బల్ల మీదకు వచ్చాయి. వాళ్లలో ఎందరు తమ కన్ను పోతోందని ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నారో నాకు తెలియదు, తెలిసే దారీ లేదు.

"అన్నింటినీ," అన్నాను.

వాల్ట్ లైసెన్స్ రద్దు కాలేదు. ఒక సీజన్ సస్పెండ్ చేశారు, కళ్ల పరీక్ష సర్టిఫికెట్ తెస్తే మరుసటి ఏడాది తిరిగి ఇస్తామన్నారు. ఆయన తెచ్చాడు, వాళ్లు ఇచ్చారు. ఆయన ఆ సీజన్ మొత్తం ఇంట్లో కూర్చున్నాడు. నేను మాత్రం హియరింగ్ మర్నాడే ఎప్పటిలా డ్యూటీకి వెళ్లి, గోడ మీద కార్డు తీసి డ్రాయర్‌లో పెట్టాను.

సర్వీసింగ్ ఫారంలో అప్పటిదాకా ఆరు గడులు ఉండేవి. నేను ఏడోది చేర్పించాను: వచ్చినప్పుడు రింగు ఎక్కడ ఉంది. పని పూర్తయ్యాక రింగును తిరిగి అక్కడే పెట్టాలి. అది నింపడానికి అర నిమిషం పడుతుంది. పరికరాన్ని సున్నాకు తెచ్చే ముందు అది ఎవరి కంటికి సరిపెట్టి ఉందో రాసుకోవాలి. ముప్పై ఏళ్లకు పైగా నేను రాసుకోలేదు.